తాపీకి కాపలా ఉంది, ఖాడీకి?

సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి బతుకుదెరువుకు సూరత్ చేరిన నేత కుటుంబాలకు వానాకాలంలో ఇంటి నుంచి ఫోనొస్తే మొదట వినబడే మాట ఒకటే: "నీళ్లచ్చినయా?" అటునుంచి జవాబూ అంతే పొట్టిగా ఉంటుంది: "అచ్చినయ్, మోటర్లు పైకెక్కించినం."

ఈ జవాబులో నేతగాడి లెక్క మొత్తం ఉంది. సాంచ, అంటే మరమగ్గం, నేలకు బిగించిన ఇనుము. నీళ్లొస్తున్నాయని దాన్ని ఎవరూ ఎత్తలేరు. ఉన్న గంటా గంటన్నరలో మోటారు విప్పి అటకెక్కించవచ్చు. సగం నేసిన బట్టను కోసి చుట్టి పక్కింటి మేడ మీదికి మోయించవచ్చు. పడుగు బీము మాత్రం నలుగురు పడితేగాని లేవదు. అది మిగిలిపోతుంది. నీళ్లు తీసిన తర్వాత చూస్తే నూలుకు బురద, బురదకు నూనె, ఇనుముకు తుప్పు. హెచ్చరిక గంట ముందు అందిందా, పూట ముందు అందిందా అన్నదాన్ని బట్టి ఆ ఏటి అప్పు ఎంతో తేలిపోతుంది.

అయితే ఆ నీళ్లు ఎక్కడివి? తాపీ నదివా, ఊళ్లోంచి పారే ఖాడీవా? సూరత్ నగరపాలిక వాతావరణ మార్పును ఎలా ఎదుర్కొంటోందని దేశదేశాల పరిశోధకులు ఇరవై ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. ఈ ఊరిని ఆదర్శంగా చూపినవాళ్లున్నారు, తప్పుబట్టినవాళ్లున్నారు. ఆ రాతలన్నిటినీ, ఈ మధ్య పడిన వానల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది: సూరత్ ఏ నీటిని చూసి భయపడిందో ఆ నీటికి సిద్ధపడింది. ఏ నీళ్లు పేదల పేటల్లోకి ఎక్కువగా వస్తాయో, ఏ నీళ్లు ఊరి హద్దు అవతల పుడతాయో, వాటి దగ్గర ఇంకా తడబడుతూనే ఉంది.

ప్లేగు నేర్పిన పని

సూరత్‌లో పురపాలక సంఘం 1852లో వచ్చింది. నగరపాలక సంస్థ అయింది 1966లో. ఊరు పెరిగిన తీరు చూస్తే ఏ సంస్థకైనా ఊపిరాడదు. 1961లో మూడు లక్షలకు లోపున్న జనాభా 1991కి 15 లక్షలు, 2011కి 44 లక్షలు దాటింది. 2006లో ఊరి విస్తీర్ణం 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు, 2020లో 462కు పెరిగింది. వజ్రాలు సానపట్టే పని సౌరాష్ట్ర నుంచి, మగ్గం పని ఒడిశా, తెలంగాణ, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి జనాన్ని లాక్కొచ్చింది. ఇక్కడి నగరపాలిక బడుల్లో గుజరాతీ, హిందీ, ఉర్దూ, మరాఠీ, ఒడియా, ఇంగ్లీషులతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి కారణం ఇదే.

ఈ సంస్థ నిద్ర లేచింది 1994 సెప్టెంబరులో. ఆ ఏడు వానలకు లోతట్టు పేటల్లో నీళ్లు నిలిచాయి, చెత్త పేరుకుంది, చచ్చిన పశువులు కుళ్లాయి. ఆ వెనకే ప్లేగు వార్త. చనిపోయినవాళ్లు యాభై పైచిలుకే గాని, భయంతో రైళ్లెక్కి పారిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. దేశం మొత్తం సూరత్ పేరు చెబితే ముక్కుకు గుడ్డ కట్టుకుంది. ఎగుమతులు ఆగాయి.

1995 మేలో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు, పూర్తి పేరు సూర్యదేవర రామచంద్రరావు, ఇంటిపేరు వినగానే మనవాళ్లు పోల్చుకునే మనిషి. ఆయన కొత్త చట్టమేదీ తేలేదు. నగరాన్ని ఆరు జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్ అధికారికి కమిషనర్ అధికారాల్లో చాలావాటిని అప్పగించారు. 'ఏసీ నుంచి డీసీకి' అన్నది అప్పటి నినాదం. ఏసీ గది వదిలి 'డైలీ చోర్స్'లోకి, అంటే రోజువారీ పనుల్లోకి దిగండని దాని అర్థం. పొద్దున పూట అధికారులు వీధుల్లో ఉండాలి, మధ్యాహ్నం అందరూ కలిసి కూర్చుని చూసింది చెప్పుకోవాలి. పలుకుబడి ఉన్నవాళ్ల అక్రమ కట్టడాలు కూడా కూలాయి. ఏడాదిన్నరలోపే 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా చెప్పింది.

అప్పట్లో వాతావరణ మార్పు అన్న మాట ఏ పురపాలక దస్త్రంలోనూ లేదు. కాని తర్వాత పనికొచ్చిన సరంజామా అంతా అప్పుడే అమరింది. ఆసుపత్రుల నుంచి జ్వరాల లెక్క రోజూ తెప్పించుకోవడం, ఇంటింటికీ తిరిగి దోమల గుడ్లు వెతకడం, వాన తగ్గగానే మందు చల్లే బండ్లు కదలడం ఇక్కడ అలవాటైంది. దక్షిణ గుజరాత్‌లో వరద తీసిన వారాల్లో లెప్టోస్పిరోసిస్ తలెత్తుతుంది. దాన్ని పసిగట్టడానికి ఈ అలవాటే ఆధారం. వాతావరణ మార్పును తట్టుకునే నగరం అంటూ ఇవాళ పెద్ద మాటలతో చెప్పేదాంట్లో సగభాగం పొద్దున్నే వీధిలో నిలబడే శానిటరీ ఇన్‌స్పెక్టరేనని సూరత్ చెబుతుంది.

ఉకాయి దగ్గరి తూకం

తాపీ మధ్యప్రదేశ్‌లోని ముల్తాయిలో పుట్టి, మహారాష్ట్ర ఖాందేశ్ మీదుగా 724 కిలోమీటర్లు పారి సూరత్ దాటి అరేబియా సముద్రంలో కలుస్తుంది. 1968లో వరద 15 లక్షల క్యూసెక్కులకు చేరి ఊరిని ముంచింది. 1972లో సూరత్‌కు ఎగువన వంద కిలోమీటర్ల దూరాన ఉకాయి ఆనకట్ట పూర్తయింది. ఇక ఊరికి భయం లేదనుకున్నారు. నది ఒడ్డున మేడలు లేచాయి. కట్టల మధ్య ఇరుకునపడి, 1995లో సింగణ్‌పోర్ దగ్గర కట్టిన అడ్డుకట్ట ఎగువన ఒండ్రు పేరుకుని, నగరంలో తాపీ భద్రంగా మోయగల నీరు ఏటికేడు తగ్గుతూ వచ్చింది. ఆనకట్ట ఇచ్చిన ధైర్యమే నది గొంతు నొక్కింది.

2006 ఆగస్టు 7 నుంచి మూడు నాలుగు రోజులు ఏం జరిగిందో ఈ ఊళ్లో పిల్లలకు కూడా కథగా తెలుసు. ఎగువన విపరీతంగా వాన. ఉకాయిలో అప్పటికే నీరు ఎత్తుగా ఉంది. గేట్లెత్తక తప్పలేదు. వదిలిన నీరు దాదాపు 9 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఖంభాత్ సింధుశాఖలో పోటు మీద ఉన్న సముద్రం నదిని లోపలికి రానివ్వలేదు. నగరంలో నాలుగింట మూడొంతులు మునిగింది. అడాజణ్, రాందేర్, అఠ్వా వంటి కలిగినవాళ్ల పేటల్లోనూ మొదటి అంతస్తు దాకా నీళ్లు వచ్చి, మేడల మీద జనం మంచినీళ్లు లేక రోజులు గడిపారు. వందమందికి పైగా చనిపోయారు. నష్టం 21 వేల కోట్ల రూపాయలని చాలా నివేదికలు రాశాయి.

ఇక్కడ ఆగి ఆనకట్ట లెక్క చూడాలి. ఉకాయి పూర్తి మట్టం 345 అడుగులు. అది మూడు పనులు చేయాలి: పొలాలకు నీళ్లు, 300 మెగావాట్ల విద్యుత్తు, సూరత్‌కు వరద కాపలా. మొదటి రెండిటికి జలాశయం నిండుగా ఉండాలి. మూడోదానికి ఖాళీగా ఉండాలి. ఆగస్టులో నింపుకుంటే సెప్టెంబరు వాన భయం, ఖాళీ ఉంచితే అక్టోబరులో రైతు తిట్లు. ఏ తేదీకి ఎంత మట్టం ఉండాలన్న పట్టిక ఉంది. దాన్ని గట్టిగా పాటించాల్సిందేనన్న ఒత్తిడి 2006 తర్వాత పెరిగింది. పాత పట్టిక పాత వానల్ని చూసి రాసింది. వానల తీరు మారితే, నాలుగు రోజుల్లో పడాల్సింది ఒక్క రోజులో పడితే, పట్టిక పట్టికగానే ఉంటుంది, నీరు దానికోసం ఆగదు. వాతావరణ మార్పు సూరత్‌కు ఎదురుపడేది ఈ గేటు దగ్గరే. పైగా ఆ గేటు నగరపాలిక చేతిలో లేదు. అది రాష్ట్ర జలవనరుల శాఖది. పరీవాహకం ఎక్కువభాగం పొరుగు రాష్ట్రంలో ఉంది.

ప్రణాళికల పదేళ్లు

గుజరాత్ 2009లో వాతావరణ మార్పు కోసం ప్రత్యేక శాఖ పెట్టింది. దేశంలో అలా పెట్టిన మొదటి రాష్ట్రం అదే. అంతకు ముందే, 2008లో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో ఆసియా నగరాల కార్యక్రమం ఒకటి మొదలైంది. భారత్ నుంచి అందులో మొదట చేరినవి సూరత్, ఇండోర్, గోరఖ్‌పూర్. సూరత్‌లో 'తరు' అనే సలహా సంస్థ, నగరపాలిక, వ్యాపారుల ఛాంబర్, ఎన్‌ఐటీ ఆచార్యులు కలిసి కూర్చున్నారు. 2011లో వ్యూహపత్రం వచ్చింది. 2012లో సూరత్ క్లైమేట్ ఛేంజ్ ట్రస్ట్ ఏర్పడింది. ఆ వెనకే పట్టణ ఆరోగ్యం, వాతావరణం మీద పనిచేసే కేంద్రం వచ్చింది. 2013 డిసెంబరులో 'వంద దృఢ నగరాలు' జాబితా మొదటి విడతలో సూరత్‌కు చోటు దక్కింది. 2017లో మరో వ్యూహపత్రం వెలువడింది. 2019లో ఆ అంతర్జాతీయ కార్యక్రమమే మూతపడింది.

దాతలు వెళ్లిపోయాక మిగిలిందేమిటన్నది ఏ కార్యక్రమానికైనా అసలు లెక్క. సూరత్‌లో మిగిలినదాంట్లో విలువైనది హెచ్చరిక వ్యవస్థ. ఎగువ రాష్ట్రాల వాన లెక్క, ఉకాయిలోకి వచ్చే నీరు, వదలబోయే నీరు, నగరంలో ఏ వీధి ఎంత మునుగుతుందన్న పటం, వీటన్నిటినీ ఒకే తాటి మీదికి తెచ్చారు. అంతకు ముందు ఈ సమాచారం వేర్వేరు శాఖల బీరువాల్లో ఉండేది. ఒక శాఖ ఇంజినీరు ఇంకో శాఖ ఇంజినీరుకు ఫోన్ చేస్తేగాని కదిలేది కాదు. అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికి నగరపాలికకు అధికారం లేదు. ట్రస్టుకు అధికారం లేకపోయినా పిలిచే మర్యాద ఉంది. అధికారం లేనిచోట మర్యాదతో పని చేయించుకోవడం సూరత్ కనిపెట్టిన కిటుకు. 2013 సెప్టెంబరులో ఉకాయి నుంచి భారీగా నీళ్లు వదిలినప్పుడు లోతట్టు చోట్లు తడిశాయిగాని 2006 మళ్లీ రాలేదు. నది ఒడ్డున కట్టలు పెరిగాయి. నదిలోకి పడే వాననీటి కాలువల నోళ్లకు గేట్లు బిగించారు.

మెచ్చుకోలు ఇక్కడిదాకా. విమర్శ కూడా ఇక్కడే మొదలవుతుంది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నది ఎవరు? అధికారులు, వ్యాపారులు, నిపుణులు. సూరత్ మీద 2016లో రాసిన ఎరిక్ చూ వంటి పరిశోధకుల వాదన సారాంశమేమంటే, ఊరి ఆర్థిక ప్రయోజనాలతో పొసిగే పనులే వాతావరణ పనులుగా ముందుకు సాగుతాయి. 2006 వరద మేడలనూ మార్కెట్లనూ ముంచింది కాబట్టే ఛాంబర్ కదిలింది. నది ఒడ్డు గుడిసెలవాళ్లకు దక్కింది వేరు. కేంద్రం నిధులతో కట్టిన ఇళ్లలోకి, ఊరి ఉత్తరపు అంచున ఉన్న కోసాడ్ వంటి చోట్లకు చాలా కుటుంబాలను తరలించారు. నీటి భయం తీరింది, పక్కా గోడలొచ్చాయి. ఇళ్లల్లో పాచిపని చేసుకునే ఆడవాళ్లకు పని మాత్రం పాత చోటే ఉండిపోయింది. ఆటోకు పెట్టే డబ్బులు పోగా చేతిలో ఏం మిగులుతుందన్న లెక్క ఏ వ్యూహపత్రంలోనూ పట్టికకెక్కలేదు.

కరెంటు బిల్లు, మురుగునీటి రాబడి

వేడిని పెంచే వాయువుల్ని తగ్గించే పనిలో నగరపాలికలు ఏం చేయగలవన్న ప్రశ్నకు సూరత్ జవాబు దుకాణదారు జవాబులా ఉంటుంది: ముందు నా బిల్లు తగ్గించుకుంటాను. నీళ్లు ఎత్తిపోయడానికి, మురుగు తోడడానికి అయ్యే కరెంటు ఏ నగరపాలికకైనా పెద్ద ఖర్చు. సూరత్ 2003లోనే అంజనా మురుగుశుద్ధి కేంద్రంలో పుట్టే గ్యాసుతో అర మెగావాటు విద్యుత్తు తీసింది. దేశంలో అలాంటిది అదే మొదలు. తర్వాత పోర్‌బందర్ వైపు గాలిమరలు పెట్టింది. ఊరి కప్పుల మీద సౌరఫలకాలు పరిచింది.

బమ్రోలీలో 2014లో రోజుకు 4 కోట్ల లీటర్ల మురుగునీటిని మూడో దశ దాకా శుద్ధిచేసి పాండేసరా రంగుల మిల్లులకు అమ్మడం మొదలుపెట్టింది. మిల్లుకు నమ్మకంగా నీళ్లు, నగరపాలికకు ఏటా కోట్ల రాబడి, తాపీ మీద తగ్గే భారం. ఒక రాయికి మూడు కాయలు. కరువు రోజుల్లో ఉకాయి అడుగంటితే ఈ పని విలువ ఇంకా తెలుస్తుంది. మన నగరాలు కాపీ కొట్టదగ్గ పని ఏదైనా ఉంటే మొదట ఇదే.

డబ్బు సంగతి మరవకూడదు. ఊళ్లోకొచ్చే సరుకు మీద వసూలయ్యే ఆక్ట్రాయి ఒకప్పుడు సూరత్‌కు సొంత కామధేనువు. 2007లో గుజరాత్ దాన్ని ఎత్తేశాక నగరపాలికలు రాష్ట్ర గ్రాంటు వైపు చూడక తప్పలేదు. అందుకే మురుగునీటి రాబడి ఇక్కడ అంత మురిపెం. గాజియాబాద్ 2021లో, ఇండోర్ 2023లో హరిత బాండ్లు అమ్మాయి. అప్పు తీర్చే రాబడి ఉన్న పనులకే అలాంటి డబ్బు పుడుతుంది. పైపుకు, ఫలకానికి బాండు పుడుతుంది. పేటలో మురుగుకాలువ వెడల్పు చేస్తే ఎవరు వడ్డీ కడతారు?

ఇక నగరపాలిక చెయ్యి అందని పొగ సంగతి. ఉక్కు, పెట్రో రసాయనాలు, ఎరువులు, ఓడరేవు ఉన్న హజీరా దాని ఏలుబడిలో లేదు. మిల్లుల బొగ్గు బాయిలర్ల మీద అదుపు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. 2019లో ఆ మండలే సూరత్‌లో మూడు వందలకు పైగా మిల్లులతో ధూళికణాల మార్కెట్ మొదలుపెట్టింది. మొత్తం పొగకు ఒక హద్దు గీసి, తక్కువ వదిలినవాడు తన వాటా ఎక్కువ వదిలినవాడికి అమ్ముకోవచ్చన్నారు. ధూళికి ఇలాంటి మార్కెట్ ప్రపంచంలో ఇదే మొదటిది. 20 నుంచి 30 శాతం తగ్గిందని తర్వాతి అధ్యయనం తేల్చింది. నగరంలో జరిగిందిగాని ఇది నగరపాలిక చేసింది కాదు. 74వ సవరణ పన్నెండో షెడ్యూలులో నగరాలకు అప్పజెప్పిన 18 పనుల్లో 'పర్యావరణ పరిరక్షణ' అన్న మాట ఉంది. దానికి కావలసిన నది, ఆనకట్ట, విద్యుత్తు, ఫ్యాక్టరీల తాళాలు మాత్రం రాష్ట్రం బొడ్లోనే ఉన్నాయి.

రేకుల కింద ఎండ

ఎండ గురించి క్లుప్తంగానే చెప్పాలి, ఎందుకంటే సూరత్‌లో జరిగింది తక్కువ. అదే రాష్ట్రంలోని అహ్మదాబాద్‌లో 2010 మేలో వడగాడ్పులకు 1,344 మంది అదనంగా చనిపోయారని తేలింది. 2013లో ఆ నగరం దక్షిణాసియాలోనే మొదటి వేసవి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. సూరత్‌ది సముద్రపు ఉక్కపోత. థర్మామీటరు తక్కువ చూపినా ఒళ్లు ఎక్కువ ఓర్చుకోవాలి. కప్పులకు తెల్లసున్నం వేసే ప్రయోగాలు కొన్ని చేశారు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల కోసం ఏకంగా విధానమే ప్రకటించింది.

'మధ్యాహ్నం బయటికి రావద్దు' అన్న హెచ్చరిక సాంచ నడిపేవాడికి ఎలా వర్తిస్తుంది? అతని ఎండ బయట లేదు, రేకుల షెడ్డు లోపలే ఉంది. పన్నెండు గంటల షిఫ్టు, పక్కన నలభై మోటార్ల సెగ. పని దిగి గదికి వెళ్తే, రాత్రి షిఫ్టువాడు లేచి వెళ్లిన చాపే ఇతనిది. ఆ షెడ్డులో వేడి కొలిచే అధికారం నగరపాలికకు లేదు. ఉన్న శాఖ వాతావరణ ప్రణాళిక బల్ల దగ్గర కూర్చోదు.

ఖాడీ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. లింబాయత్, పర్వత్ పాటియా పేటల్లో మనవాళ్ల ఇళ్లలోకి వచ్చే నీళ్లు చాలాసార్లు తాపీవి కానే కావు. అవి ఖాడీలవి. మీఠీ, కోయలీ, భేద్వాడ్, కాంక్రా వంటి పేర్లున్న వాగులు ఊరి తూర్పు, దక్షిణాల మీదుగా పారి మిందోళా నదిలో కలిసి సముద్రం చేరతాయి. మామూలు రోజుల్లో చూస్తే వీటిని వాగు అనడానికి నోరు రాదు. సిమెంటు గోడల నడుమ మిల్లు రంగు కలిసిన నల్లటి నీరు, ప్లాస్టిక్ తేలుతూ, పక్కనే ఇళ్ల వెనక గోడలు, గోడల్లోంచి దిగే పైపులు. ఊళ్లో చాలామందికి అది మురుగుకాలువే.

ఇది వాగన్న సంగతి వానకే గుర్తుంటుంది. ఖాడీలు పుట్టేది నగరం బయట. కామ్రేజ్, పల్సాణా, బార్డోలీ తాలూకాల్లో రాత్రి కుండపోత కురిస్తే, లింబాయత్‌లో చినుకు లేకపోయినా పొద్దుటికి నీళ్లొస్తాయి. దిగువన సముద్రం పోటు మీదుంటే మిందోళా తీసుకోదు. ముందుకు పోలేని నీరు పక్కకు తిరుగుతుంది. పక్కన ఉన్నవి ఇళ్లే. 2024 జులైలో అలాగే వచ్చాయి. 2025 జూన్ 23న ఒక్క రోజు వానకే నగరం స్తంభించింది, ఆ తర్వాత కూడా ఖాడీ పేటల్లో నీళ్లు రోజుల తరబడి తీయలేదు. అది దేశంలోకెల్లా పరిశుభ్ర నగరంగా 2023కు ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పొందిన సూరత్. తాపీ మాత్రం ఆ రోజుల్లో కట్టల మధ్య బుద్ధిగా పారింది.

ఎందుకిలా? కారణాలు మూడు కనబడతాయి. ఒకటి, హెచ్చరిక వ్యవస్థ పెద్ద నది కోసం అల్లింది. ఉకాయిలో వదిలిన నీరు ఊరు చేరడానికి గంటలు పడుతుంది, ఆ గంటల్లో పని జరుగుతుంది. ఖాడీకి ఆనకట్ట లేదు, గేటు లేదు, అంత గడువూ లేదు. రెండు, పరిధి. ఎగువ తాలూకాల్లో పొలాలు ఫ్యాక్టరీలవుతుంటే, చెరువులు పూడుతుంటే నగరపాలిక చూస్తూ ఉండటమే. హద్దు పెంచుకుంటూ పోతే హద్దు బయటి నీరు హద్దు లోపలి సమస్య అవుతుందిగాని పుట్టుక ఎప్పుడూ ఒక అడుగు అవతలే ఉంటుంది. మూడు, మనుషులు. తాపీ పొంగితే మేడలున్నవాళ్లూ మునుగుతారు. ఖాడీ పొంగితే ఎక్కువగా మునిగేది అద్దె గదులు, చిన్న మగ్గాల షెడ్లు, కిందిగది కాపురాలు. ఆ బల్ల దగ్గర వాళ్ల కుర్చీ లేదు. చాలామందికి ఓటు కూడా సొంతూళ్లోనే ఉంది.

నగరపాలిక చేతులు ముడుచుకుని కూర్చుందని అనలేం. ఏటా పూడిక తీస్తుంది, గట్లు పెంచుతుంది, అల్థాణ్ దగ్గర కాంక్రా ఖాడీ ఒడ్డున జీవవైవిధ్య ఉద్యానం పెంచింది. ఈ ఉద్యానం నాకు గోడ కంటే ఆశగా కనిపిస్తుంది. వాగుకు కాస్త చోటు వదిలితే అది ఊరి మీదికి రాదన్న పాత రైతు తెలివి అందులో ఉంది. నెదర్లాండ్స్ తన నదులకు గట్లు ఎత్తడం తగ్గించి పొలాల్లోకి చోటిచ్చింది ఈ లెక్కతోనే. 2011 జులై 2న కుండపోతకు మునిగిన కోపెన్‌హాగెన్ పార్కుల్నీ వీధుల్నీ వాననీటికి తాత్కాలిక మడుగులుగా మలిచింది. వాళ్లకు ఖాళీ ఉంది. లింబాయత్‌లో ఖాళీ కావాలంటే ఎవరి ఇల్లో తీయాలి. అక్కడ మళ్లీ కోసాడ్ ప్రశ్న తలెత్తుతుంది.

బుడమేరుకూ ఇదే కథ

ఇది చదువుతున్న బెజవాడవాళ్లకు ఈపాటికే సంగతి బోధపడి ఉంటుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల కృష్ణ పారింది. ఆ బ్యారేజీ చూసిన వరదల్లో అదే రికార్డు. కృష్ణలంక పక్కన కట్టిన రక్షణ గోడ నిలబడింది. ఊరిని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. కట్టకు గండ్లు పడి సింగ్ నగర్ వైపు లక్షల మంది ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది. కృష్ణే నిండుగా పారుతుంటే ఆ కాలువ ఎటు పోతుంది? ఖాడీకి సముద్రపు పోటు ఎలాగో, బుడమేరుకు కృష్ణ అలాగ. పెద్ద నదికి గోడ, చిన్న ఏటికి ఆక్రమణ. రెండు ఊళ్లకూ ఒకే జాతకం.

మరో సంగతి ఉంది. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2021లో నగరాల వాతావరణ సంసిద్ధతకు నక్షత్రాలు ఇచ్చింది. నాలుగు నక్షత్రాలు తెచ్చుకున్నవి తొమ్మిది నగరాలే. అందులో సూరత్ ఉంది, విశాఖ ఉంది, విజయవాడా ఉంది. మార్కులు తప్పు అనను. ప్రణాళిక ఉందా, శాఖ ఉందా, పటం ఉందా అని అడిగితే ఉన్నాయి. ఏ పేటలో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయన్న గడి ఆ పత్రంలో ఉంటే ఎన్ని నక్షత్రాలు మిగిలేవో. హైదరాబాద్‌కూ ఇది కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీద 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయి మూసీకి కాపలా దొరికింది. 2020 అక్టోబరులో ఊరు మునిగింది చెరువులు, నాలాల వల్ల.

ఏం తేలింది?

నగరపాలికలు వాతావరణ మార్పుకు ఏమీ చేయలేవన్నవాళ్లకు సూరత్ మంచి జవాబు. ప్లేగు నుంచి ఆరోగ్య నిఘా నేర్చుకుంది, తాపీ నుంచి హెచ్చరిక నేర్చుకుంది, మురుగు నుంచి డబ్బు తీసింది. అన్నీ చేసేస్తాయన్నవాళ్లకూ అదే జవాబు. ఊరంతా ఒక్కసారి మునిగితేగాని అది నేర్చుకోలేదు. కొన్ని పేటలు ప్రతి ఏడూ కాస్త కాస్త మునుగుతుంటే దాన్ని పాఠం కింద ఎవరూ లెక్కేయరు.

చేయాల్సింది కొత్తగా కనిపెట్టక్కర్లేదు. తాపీ కోసం పరచిన బల్లనే ఖాడీ వైపు జరపాలి. కామ్రేజ్, పల్సాణా, బార్డోలీల వాన లెక్క రాత్రికి రాత్రే లింబాయత్ వార్డు ఆఫీసుకు చేరాలి. ఎగువ తాలూకాల్లో ఏ చెరువు పూడిస్తున్నారో అడిగే హక్కు దిగువ ఊరికి ఉండాలి. దానికి జిల్లా, రాష్ట్రం కదలాలి. ఇక ఆ కబురు ఏ భాషలో అన్నది. తెలుగు పిల్లలకు తెలుగులో అక్షరాలు దిద్దించాలని ఎప్పుడో అనుకున్న నగరపాలిక అది. వాళ్ల అమ్మానాన్నలు ఏ పేటలో ఉంటారో, ఏ షెడ్డులో పనిచేస్తారో దానికి తెలియని సంగతేమీ కాదు. బడిలో పలికిన భాషలో వరద కబురు పంపడం దానికి పెద్ద పనీ కాదు.

ఆ కబురు ఒక పూట ముందు వస్తే నలుగురూ కలిసి పడుగు బీమును కూడా ఎత్తుకుంటారు. అప్పుడు ఫోన్లో జవాబు "మోటర్లు పైకెక్కించినం" దగ్గరే ఆగిపోదు.